సామాను నిండిన బల్ల, దాని కింద తెర: టచ్ టేబుళ్ల రూపకల్పన

ఈ పాఠం చదివిన తరువాత మీరు బల్ల మీది వస్తువులు తెరకు కలిగించే ఇబ్బందులను విడివిడిగా గుర్తించగలుగుతారు; ఒక టచ్ టేబుల్ వేలికీ కప్పుకీ తేడాను ఎలా తెలుసుకుంటుందో వివరించగలుగుతారు; ఒక నిర్దిష్టమైన పనికి ఏ పరిష్కారం తగినదో, ఏది తగదో కారణాలతో చెప్పగలుగుతారు. ఇందులో వచ్చే లెక్కలకు పదో తరగతిలో చదివిన సరూప త్రిభుజాలు సరిపోతాయి.

5.1 పరిచయం: అద్దం కింద క్యాలెండర్

పాత ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా బల్లను ఒకసారి గుర్తు చేసుకోండి. బల్ల మీద మందపాటి అద్దం పలక ఉంటుంది. దాని కింద క్యాలెండర్, ఫోన్ నంబర్ల జాబితా, సెలవుల పట్టిక, ఓ దేవుడి పటం. అద్దం మీద ఫైళ్లు, స్టాంపు ప్యాడ్, టీ గ్లాసు, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండే టిఫిన్ డబ్బా. తేదీ చూడవలసి వస్తే ఆయన ఫైలును నాలుగు అంగుళాలు పక్కకు జరిపి చూసుకుంటాడు, మళ్లీ వెనక్కి లాక్కుంటాడు. ఈ ఏర్పాటు గురించి ఎవరూ ఫిర్యాదు చేసినట్లు మనం వినలేదు. క్యాలెండర్ నిన్న ఎక్కడ ఉందో ఈ రోజూ అక్కడే ఉంది. దాని మీద ఫైలు ఉందన్న సంగతి కూడా ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఆ కాగితాల స్థానంలో కంప్యూటర్ తెర ఉందనుకోండి. తెర మీదకు సమాచారం తనంతట తాను వస్తుంది. పదకొండు గంటలకు ఒక అత్యవసర సందేశం వచ్చి సరిగ్గా ఫైలు కింద వెలిగింది. ఫైలు జరపాలన్న ఆలోచన గుమాస్తాకు ఎందుకు వస్తుంది? కాగితం మరుగున పడినప్పుడు అది మరుగున పడిందని మనకు తెలుసు. తెర విషయంలో అలా మరుగున పడిందన్న సంగతే తెలియదు. ఈ పాఠంలో మనం చర్చించే సమస్యలో ముఖ్యభాగం ఇదే.

తెరే బల్లగా ఉండి, దానిని చేతితో తాకి పనిచేయించగల సాధనాన్ని ఇంటరాక్టివ్ టేబుల్‌టాప్ అంటారు. ఇకపై దానిని టచ్ టేబుల్ అని పిలుద్దాం. గోడకు తగిలించిన తెర మీద ఎవరూ టీ కప్పు పెట్టరు. బల్ల అనగానే పెడతారు. అందువల్ల బల్ల మీద సామాను ఉండడాన్ని వాడేవారి తప్పుగా భావించి మొదలుపెట్టిన రూపకల్పన మొదటి రోజే విఫలమవుతుంది. 'దయచేసి బల్ల మీద ఏమీ పెట్టకండి' అని చీటీ అంటించిన టచ్ టేబుల్ ఎక్కడైనా కనిపిస్తే, దాని రూపకర్త తన పని సగంలో వదిలేశాడని అనుకోవచ్చు.

5.2 సికింద్రాబాదు నుంచి రెండు బల్లలు

టచ్ టేబుళ్లు మన ఊళ్లలో అరుదు. కానీ అవి ఎదుర్కొనే పరిస్థితులు అరుదు కావు. సికింద్రాబాదులోని రెండు మామూలు బల్లలను తీసుకుందాం. పాఠం చివరి దాకా వీటితోనే పని.

మొదటిది ఇరానీ హోటల్ బల్ల. రైల్వే స్టేషన్ ఎదుటి ఆల్ఫా హోటల్‌లో కూర్చున్నవారికి దీని గురించి చెప్పనక్కర్లేదు. నలుగురు కూర్చుంటే నాలుగు కప్పులు, నాలుగు సాసర్లు, నీళ్ల గ్లాసులు, ఉస్మానియా బిస్కెట్లు, సెల్‌ఫోన్లు, మడిచిన దినపత్రిక, వీటన్నిటి మధ్య ఒలికిన చాయ్. పాత ఇరానీ హోటళ్లలో ఒక పద్ధతి ఉండేది. అడగకుండానే సమోసాల ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. తిన్నన్ని తిన్నాక బేరర్ వచ్చి, మిగిలినవి లెక్కపెట్టి, తిన్నవాటికే డబ్బులు చెప్పేవాడు. అంటే ఆ ప్లేటు అడ్డంకి కాదు, అదే బిల్లు. మనం చిందరవందర అనుకునే దానిలో చాలా భాగం ఇలా ఏదో ఒక సమాచారాన్ని మోస్తూనే ఉంటుంది. ఆఫీసు బల్లల మీద కాగితాల గుట్టలను పరిశీలించిన థామస్ మలోన్ 1983లో ఇలాంటి సంగతే రాశాడు: గుట్టగా కంటికి ఎదురుగా ఉంచిన కాగితం, చేయవలసిన పనిని గుర్తు చేస్తూ ఉంటుంది. దాన్ని సర్దేస్తే పని కూడా మరుగున పడుతుంది.

రెండవది రైల్వే కంట్రోల్ ఆఫీసు బల్ల. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడింది. రైళ్ల నడకను గమనించే సెక్షన్ కంట్రోలర్ ముందు, కంప్యూటర్లు రాకముందు, బల్ల నిండా పరచిన పెద్ద గ్రాఫు కాగితం ఉండేది. ఒక అక్షం మీద కాలం, మరొక అక్షం మీద స్టేషన్లు. స్టేషన్ మాస్టర్ ఫోన్లో రైలు దాటిన సమయం చెప్పగానే కంట్రోలర్ అక్కడ చుక్క పెట్టి, వెనకటి చుక్కతో కలిపేవాడు. గీత నిటారుగా ఉంటే రైలు వేగంగా పోతున్నట్లు, కాలం వెంట అడ్డంగా సాగితే ఆగి ఉన్నట్లు. రాబోయే గంటల గీతలను కూడా ముందుగానే గీసుకుని, ఒంటి లైనులో ఏ రెండు రైళ్లు ఏ స్టేషన్‌లో ఒకదానినొకటి దాటాలో నిర్ణయించేవాడు. ఆ కాగితం మీదే స్కేలు, రంగు పెన్సిళ్లు, రబ్బరు, రిజిస్టర్లు, టీ గ్లాసు ఉండేవి. ఇప్పుడు ఈ పని క్రిస్ సంస్థ రూపొందించిన కంట్రోల్ ఆఫీస్ అప్లికేషన్‌తో, నిలువు తెరల మీద జరుగుతుంది. ఆ చార్టును మళ్లీ బల్ల మీదకే, ఈసారి టచ్ టేబుల్‌గా తెస్తే ఎలా ఉంటుందన్నది మన ఊహాభ్యాసం.

ఈ రెండు బల్లల మధ్య ఒక తేడా ఉంది. ముందుగా మీరే ఆలోచించండి. 5.5లో దాని దగ్గరకు వద్దాం.

5.3 వస్తువు చేసే పనులు

బల్ల మీద పెట్టిన వస్తువు మూడు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. అది కింది చిత్రాన్ని కప్పుతుంది. తెర దానిని వేలు అనుకుని పొరపడవచ్చు. ఇక చేయి ఆడించే చోటును కూడా ఆక్రమిస్తుంది. మూడవదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండవది తరువాతి విభాగంలో వస్తుంది. మొదటిది చూడడానికి తేలికగా కనిపిస్తుంది గానీ లెక్క వేస్తే ఆశ్చర్యపోతాం.

2007లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన 'సర్ఫేస్' అనే టచ్ టేబుల్ తెర 30 అంగుళాలది. పొడవు, వెడల్పుల నిష్పత్తి 4:3. అంటే సుమారు 61 సెం.మీ. పొడవు, 46 సెం.మీ. వెడల్పు, వైశాల్యం దాదాపు 2,800 చదరపు సెం.మీ. చాయ్ సాసర్ వ్యాసం 14 సెం.మీ. అనుకుంటే ఒక్కొక్కటి 154 చదరపు సెం.మీ. కప్పుతుంది. నాలుగు సాసర్లు కలిపి 616. అంటే నలుగురు చాయ్ తాగడం మొదలుపెట్టగానే, బిస్కెట్ల ప్లేటు రాకముందే, తెరలో ఐదో వంతు కంటే ఎక్కువ పోయింది.

ఇది వస్తువు అడుగు భాగం లెక్క మాత్రమే. మనం బల్లను నిట్టనిలువుగా పైనుంచి చూడం, కూర్చుని ఏటవాలుగా చూస్తాం. అందుచేత ప్రతి వస్తువు వెనుక ఒక చాటు ఏర్పడుతుంది. కన్ను బల్లకు H ఎత్తులో ఉందని, వస్తువు ఎత్తు h అని, కంటి నుంచి వస్తువుకు అడ్డంగా ఉన్న దూరం d అని అనుకుందాం. సరూప త్రిభుజాల ప్రకారం చాటు పొడవు d × h ÷ (H – h) అవుతుంది.

కన్ను 45 సెం.మీ. ఎత్తులో, వస్తువు 50 సెం.మీ. దూరంలో ఉన్నాయనుకోండి. 7 సెం.మీ. ఎత్తున్న కప్పుకు చాటు 50 × 7 ÷ 38, అంటే సుమారు 9 సెం.మీ. అదే చోట 25 సెం.మీ. ఎత్తున్న థర్మాస్ ఫ్లాస్కు పెడితే 50 × 25 ÷ 20, అంటే 62.5 సెం.మీ. ఫ్లాస్కు ఎత్తు కప్పుకు మూడున్నర రెట్లే గానీ చాటు దాదాపు ఏడు రెట్లు. ఇంకొక సంగతి: ఎదుటి కుర్చీలోని మనిషికి ఆ ఫ్లాస్కు చాటు మీ వైపుకు పడుతుంది. మీకు స్పష్టంగా కనిపించే అక్షరాలు ఆయనకు లేనే లేవు. 'ఇదిగో చూడండి' అని మీరు వేలు పెట్టి చూపిస్తే ఆయన తల పక్కకు వంచవలసి వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీరు చదువుకునే బల్ల ముందు మామూలుగా కూర్చుని, కంటి ఎత్తును టేపుతో కొలిపించుకోండి. మీ నీళ్ల సీసా వెనుక ఎంత చాటు పడుతుందో ముందు లెక్కవేసి, తరువాత స్కేలు పెట్టి సరిచూడండి. తేడా వస్తే అది సాధారణంగా d కొలతలో జరిగిన పొరపాటు.

5.4 వేలా, కప్పా?

టచ్ టేబుల్‌కు స్పర్శ ఎలా తెలుస్తుందన్నది దాని నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ నాలుగు పద్ధతులు చూద్దాం. ఒక్కొక్కటి చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేయండి. కప్పును చూసి ఇది మోసపోతుందా? అక్కడ కప్పు ఉందని దీనికి తెలుస్తుందా? చాలామంది విద్యార్థులు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు.

మిత్సుబిషి ఎలక్ట్రిక్ పరిశోధనాలయంలో పాల్ డైట్జ్, డారెన్ లే 2001లో రూపొందించిన డైమండ్‌టచ్‌ను తీసుకోండి. బల్ల లోపలి తీగలు బలహీనమైన విద్యుత్ సంకేతాలను పంపుతాయి. మనిషి వేలు బల్లను తాకితే ఆ సంకేతం అతని శరీరం గుండా ప్రయాణించి, కుర్చీలో అమర్చిన గ్రాహకానికి చేరుతుంది. ఏ కుర్చీకి సంకేతం చేరిందో చూసి, తాకింది ఎవరో కూడా బల్ల చెప్పగలదు. బల్ల మీద వదిలేసిన కప్పుకు కుర్చీతో సంబంధం లేదు, కాబట్టి అది స్పర్శగా నమోదు కాదు. వస్తువులు పడి ఉన్నా పని చెడకూడదన్నది ఆ రూపకర్తలు ముందే రాసుకున్న నియమాలలో ఒకటి. మొదటి ప్రశ్నకు ఇంతకంటే చక్కని జవాబు దొరకదు. రెండవ ప్రశ్నకు మాత్రం జవాబు నిరాశపరుస్తుంది. కప్పు ఉందన్న సంగతే ఆ బల్లకు తెలియదు, కాబట్టి కప్పు ఉన్న చోటనే సందేశాన్ని చూపిస్తుంది.

జెఫర్సన్ హాన్ 2005లో చూపిన పద్ధతిది కూడా ఇదే స్వభావం. అక్రిలిక్ పలక అంచుల నుంచి పరారుణ కాంతిని లోపలికి పంపితే, సంపూర్ణాంతర పరావర్తనం వల్ల అది పలకలోనే తిరుగుతుంది. మెత్తని వేలు పలకకు గట్టిగా అంటుకున్న చోట కాంతి బయటపడి, కింది కెమెరాకు చుక్కగా కనిపిస్తుంది. పొడిగా, గట్టిగా ఉన్న పింగాణీ కప్పు అడుగు పలకకు అలా అంటుకోదు. అందువల్ల కప్పు చాలావరకు కెమెరా కంట పడదు. అంటే ఈ బల్ల మోసపోదు గానీ, కప్పు ఉన్న చోటును తప్పించుకోనూ లేదు.

మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ దీనికి భిన్నం. అందులో పరారుణ కాంతి కింది నుంచి తెర మొత్తం మీద పడుతుంది. తెరకు దగ్గరగా వచ్చినది ఏదైనా ఆ కాంతిని వెనక్కి పంపుతుంది, కింది కెమెరాలకు దాని ఆకారం కనిపిస్తుంది. వేలు చిన్న చుక్క, సాసర్ పెద్ద వృత్తం, మోచేయి పొడుగాటి మచ్చ. వస్తువు అడుగున చుక్కల గుర్తు ఉన్న చీటీ అంటిస్తే, 256 వేర్వేరు వస్తువులను అది పేరు పెట్టి గుర్తించగలదు కూడా. ఇరానీ హోటల్ సమోసాల ప్లేటుకు ఇది సరిగ్గా సరిపోయే ఉపాయం. అయితే ఇంత చూడగలిగిన బల్లకు పొరపడే అవకాశం కూడా ఎక్కువ. పెన్సిల్ కొన వేలిలా కనిపిస్తుంది. అందుకని ప్రోగ్రాములో కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి: పరిమాణం మించినది వేలు కాదు, కొన్ని సెకన్లుగా కదలనిది వేలు కాదు, పెద్ద మచ్చకు ఆనుకుని పుట్టిన చిన్న చుక్కను వెంటనే నమ్మకూడదు. కింది కెమెరాకు తెలియనిది మరొకటి ఉంది, ఎత్తు. కప్పుకూ ఫ్లాస్కుకూ అడుగు భాగం ఒకేలా ఉండవచ్చు. వాటి చాటులో ఎంత తేడా ఉందో ఇప్పుడే చూశాం.

ఎత్తు తెలియాలంటే పైనుంచి చూడాలి. కేంబ్రిడ్జిలోని జిరాక్స్ పరిశోధనాలయంలో పియర్ వెల్నర్ 1990ల మొదట్లోనే 'డిజిటల్‌డెస్క్' పేరుతో, మామూలు బల్లకు పైన ప్రొజెక్టరునూ కెమెరానూ వేలాడదీసి పని చేయించాడు. బల్ల మీది అసలు కాగితాలే అందులో పనిముట్లు. ఈ రోజుల్లో దూరాన్ని కొలిచే డెప్త్ కెమెరాను అలాగే పైన అమర్చవచ్చు. దానికి వస్తువులూ వాటి ఎత్తులూ తెలుస్తాయి. అయితే వంగి చూసే మనిషి తలే కెమెరాకు అడ్డం. పైనుంచి బొమ్మ వేస్తే అది కప్పు కింద దాగదు, కప్పు మీద పడి వంకరపోతుంది.

మోసపోకుండా ఉండడం, వస్తువును తెలుసుకోవడం అనే రెండూ కావాలంటే ఒక్క పద్ధతి చాలదు. రెండింటిని కలపాలి, ఖర్చు పెరుగుతుంది. ఖర్చు పెట్టలేకపోతే ఏది వదులుకోవాలన్నది పనిని బట్టి నిర్ణయించుకోవాలి. నా అభిప్రాయంలో ఒక తప్పుడు స్పర్శను 'వెనక్కి' మీటతో సరిదిద్దుకోవచ్చు. కనిపించకుండా పోయిన హెచ్చరికను సరిదిద్దుకోలేం. కాబట్టి వస్తువులను చూడగల బల్ల వైపే నా మొగ్గు.

5.5 తెలిసిన తరువాత ఏం చేయాలి?

వస్తువు ఎక్కడుందో బల్లకు తెలిసింది. మనసుకు మొదట తోచే పరిష్కారం, దాని కింద ఉన్న సమాచారాన్ని ఖాళీ చోటుకు జరపడం. ఇరానీ హోటల్ బల్లకు ఇది బాగుంటుంది. బిల్లు కప్పు కింద పడితే కొంచెం పక్కకు జరిగి కనిపించాలి, అంతే. అయినా రెండు జాగ్రత్తలు అవసరం. కప్పు పెట్టిన తక్షణమే జరపకూడదు. చాయ్ తాగేవాడు కప్పును పది సార్లు ఎత్తి పది చోట్ల పెడతాడు; ప్రతిసారీ బొమ్మలు గంతులేస్తే తల తిరుగుతుంది. వస్తువు కుదురుగా నిలిచాక, ముఖ్యమైన అక్షరాలు నిజంగా కప్పబడితేనే, వీలైనంత దగ్గరి చోటుకు నెమ్మదిగా జరపాలి. రెండవది, కప్పు తీసేశాక దానిని తిరిగి పాత చోటుకు లాగకూడదు. మనిషి కొత్త చోటును అప్పటికే గుర్తు పెట్టుకుని ఉంటాడు.

ఇప్పుడు కంట్రోల్ చార్టు మీద ఇదే ఉపాయం పెట్టి చూడండి. రిజిస్టరు కింద పడిన రైలు గీతను ఖాళీ చోటుకు జరిపితే ఏమవుతుంది? ఆ రైలు వేరే సమయంలో, వేరే స్టేషన్‌లో ఉన్నట్లు అవుతుంది. చార్టులో చోటే అర్థం. హోటల్ బిల్లుకు చోటుతో పని లేదు. 5.2లో అడిగిన తేడా ఇదే. ఏ టచ్ టేబుల్ రూపకల్పనకైనా పూనుకునే ముందు తెర మీది ప్రతి అంశాన్నీ ఈ ప్రశ్న అడగాలి: ఇది పక్కకు జరిగితే దీని అర్థం మారుతుందా? మారకపోతే జరపండి. మారితే అక్కడే ఉంచి, అది మరుగున పడిందని చెప్పండి.

చెప్పడానికి మంచి దారులే ఉన్నాయి. డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో 'ఆబ్జెక్‌టాప్' పేరుతో ప్రకటించిన పనిలో, వస్తువు కింద ఏదైనా దాగి ఉందన్న సంగతి దాని చుట్టూ తెలిసేలా చేసి, దాగినదాన్ని వస్తువు కదపకుండానే అందుకునే ఏర్పాటు చేశారు. అంతకు ముందు ఏడాది జపాన్ పరిశోధకులు 'స్నాప్‌రెయిల్' అనే పద్ధతిలో, వస్తువు కింద పడిన బొమ్మలను దాని చుట్టూ పట్టాల వంటి గీత మీద వరుసగా నిలిపారు. మన చార్టుకు మొదటి తరహా పనికొస్తుంది. రిజిస్టరు అంచులో గీత లోపలికి దూరే చోట, తిరిగి బయటకు వచ్చే చోట ఆ రైలు నంబరు రాసి చూపాలి. రిజిస్టరు కింద రెండు గీతలు ఒకదానినొకటి ఖండిస్తే, అంటే రెండు రైళ్ల కలయిక అక్కడ దాగి ఉంటే, అంచు రంగు మారాలి.

ఇంకొక చిక్కు కాగితం చార్టుకు లేనిది. కాగితం కదలదు, రిజిస్టరు కదలదు. ఏది కప్పబడిందో కంట్రోలర్‌కు గుర్తుంటుంది. తెర మీది చార్టు మాత్రం కాలంతో పాటు పక్కకు జరుగుతుంటుంది. రిజిస్టరు ఉన్నచోటే ఉంటే, ఇంతకు ముందు కనిపించిన గీతలు ఒక్కొక్కటే దాని కిందకు పోతాయి. నెమ్మదిగా జరిగే మార్పును కన్ను పట్టుకోలేదు. అందుచేత చార్టును నిరంతరంగా జరపకుండా, గంటకో అరగంటకో ఒకసారి, కంట్రోలర్ అంగీకరించాకే ఒక్క అడుగు జరపడం మేలు. హెచ్చరికల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. ఏ హెచ్చరికనూ బల్ల మీద ఒకే ఒక్క బిందువు దగ్గర చూపకూడదు. నాలుగు అంచుల పొడవునా వెలగాలి, శబ్దం రావాలి, మనిషి తాకి 'చూశాను' అని చెప్పేదాకా ఆగకూడదు. ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన సమాచారం టీ గ్లాసు దయ మీద ఆధారపడకూడదు కదా.

5.6 వడ్రంగి చేయగల పని

సాఫ్ట్‌వేర్ గురించి ఇంత చెప్పాక ఒక సాదా మాట. సగం సమస్యను వడ్రంగి తీర్చగలడు. స్టేసీ స్కాట్, షీలా కార్పెండేల్, కోరి ఇంక్పెన్ 2004లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, బల్ల చుట్టూ కలిసి పనిచేసేవారు ఎవరూ చెప్పకుండానే దానిని పంచుకుంటారు: ఎవరి ముందు వారి సొంత చోటు, నడుమ అందరిదీ అయిన చోటు, వస్తువులను అట్టే పెట్టుకునే నిల్వ చోటు. తెరను బల్ల అంచుల దాకా పరిచేస్తే నిల్వ చోటు లేకుండా పోతుంది, సామాను తెర మీదకు ఎక్కుతుంది. తెర చుట్టూ ఒక సాసర్, ఒక రిజిస్టరు పట్టేంత వెడల్పున, అంటే 15 నుంచి 20 సెం.మీ., మామూలు చెక్క అంచు వదలండి. ఫ్లాస్కుకు పక్కన చిన్న అర ఇవ్వండి. చెక్క అంచును తెర కంటే రవ్వంత పల్లంగా చేస్తే ఒలికిన చాయ్ తెర మీదకు పారదు. ఇలా చేసినా సామాను తెర మీదకు రాకమానదు. కానీ వచ్చేది తక్కువ, అదీ అవసరమై వచ్చినది అవుతుంది.

5.7 అభ్యాసం

మీ ఇంట్లో అందరూ వాడే బల్ల మీద పాత దినపత్రిక పరచండి. ఇంట్లోవారికి కారణం చెప్పకండి, చెబితే సర్దేస్తారు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు, ఆ క్షణంలో ఉన్న ప్రతి వస్తువు చుట్టూ వేర్వేరు రంగు పెన్సిళ్లతో గీయండి. మరునాడు ఆ పత్రికను గోడకు ఆనించి చూసి, ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి. మూడు పూటలా ఎప్పుడూ కప్పబడని చోటు ఎంత ఉంది? అది ఎవరి కుర్చీ ముందు ఉంది? రోజంతా కదలని వస్తువు ఏది, అది అక్కడ ఉండి ఎవరికి ఏం గుర్తు చేస్తోంది? ఆ బల్ల రేపు టచ్ టేబుల్ అయితే కరెంటు బిల్లు గడువు తేదీని ఎక్కడ చూపిస్తారు, పిల్లల టైం టేబుల్‌ను ఎక్కడ చూపిస్తారు? రెండింటిలో దేనిని పక్కకు జరపవచ్చు? మీ జవాబులతో పాటు ఆ దినపత్రికను కూడా మడిచి సంప్రదింపు తరగతికి తీసుకురండి.